వాట్ల లెక్క: సర్క్యూట్లలో సగటు పవర్, ఆర్ఎంఎస్ విలువలు

సర్క్యూట్‌లో ఒక భాగానికి ఒక క్షణంలో అందుతున్న పవర్ ఎంతో తెలియాలంటే, ఆ క్షణంలో దాని రెండు కొనల మధ్య ఉన్న వోల్టేజిని, అదే క్షణంలో దాని గుండా పోతున్న కరెంటుతో గుణించాలి. జవాబు వాట్లలో వస్తుంది. రెసిస్టరైనా, మోటారైనా, ట్రాన్సిస్టరైనా, యాంటెన్నా అయినా ఈ సూత్రానికి మినహాయింపు లేదు. బ్యాటరీకి తగిలించిన బల్బులో వోల్టేజీ మారదు, కరెంటూ మారదు. కాబట్టి ఒక్కసారి గుణిస్తే పని అయిపోతుంది: 12 వోల్టులు, 2 ఆంపియర్లు అయితే 24 వాట్లు. ఆ రెండూ క్షణక్షణం మారే చోటే చిక్కు మొదలవుతుంది.

ఇళ్లకు వచ్చే ఏసీ సరఫరాను 230 వోల్టులని చెబుతారు. నిజానికి ఆ వోల్టేజి సున్నా నుంచి 325 వోల్టుల దాకా ఎక్కి, మళ్లీ సున్నాకు దిగి, అవతలి వైపు మైనస్ 325 దాకా వెళ్లి తిరిగి వస్తుంది. ఈ చుట్టంతా 20 మిల్లీసెకన్లలో పూర్తవుతుంది. హీటరు తీగలో కరెంటు కూడా వోల్టేజితో పాటే ఎక్కి దిగుతుంది. రెండూ ఒకేసారి మైనస్ అయినప్పుడు వాటి లబ్ధం ప్లస్సే కనుక, తీగకు అందే పవర్ సెకనుకు 100 సార్లు శిఖరానికి చేరి 100 సార్లు సున్నా అవుతుంది. బకెట్లో వేడెక్కుతున్న నీళ్లకు ఈ ఎగుడుదిగుళ్లతో నిమిత్తం లేదు. ఒక చుట్టులో అందిన శక్తి మొత్తాన్ని ఆ చుట్టుకు పట్టిన కాలంతో భాగిస్తే వచ్చే సగటు పవరే నీళ్లు ఎంత త్వరగా కాగుతాయో తేలుస్తుంది. కరెంటు బిల్లు, బ్యాటరీ మన్నిక, హీట్‌సింక్ సైజు అన్నీ ఈ సగటు మీదే ఆధారపడతాయి.

సగటు పవర్‌ను నేరుగా పట్టుకోవాలంటే ప్రతి క్షణం రెండు రాశులను కొలిచి గుణిస్తూ పోవాలి. వోల్టేజిని విడిగా, కరెంటును విడిగా కొలిచి పని జరుపుకోవడం దానికంటే చాలా సులువు. ఆర్ఎంఎస్ విలువ పుట్టింది ఈ సులువు కోసమే. అయితే అది పనికొచ్చే హద్దులు తెలియకుండా వాడితే లెక్క తప్పుతుంది. ఎలక్ట్రానిక్స్‌లో వాట్ల కొలతల్లో కనిపించే పొరపాట్లలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

వేడిని బట్టి కొలత

ఇంగ్లండులోని సాల్‌ఫర్డ్‌లో బీరు తయారీదారుల ఇంట పుట్టిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్, నీళ్లలో తీగ చుట్టలు ముంచి, కరెంటు పంపి, థర్మామీటరుతో వేడి పెరుగుదలను కొలిచాడు. 1841లో ప్రచురించిన ఆ ప్రయోగాల సారం ఇది: తీగలో పుట్టే వేడి కరెంటును బట్టి కాక, కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఎమిల్ లెంజ్ కూడా దాదాపు అదే కాలంలో వేరుగా ప్రయోగాలు చేసి ఇదే నియమానికి చేరుకున్నాడు.

ఈ వర్గం వల్లనే మామూలు సగటు ఇక్కడ సరిపోదు. ఒక ఓమ్ రెసిస్టర్ గుండా సగం కాలం 10 ఆంపియర్లు, మిగతా సగం కాలం సున్నా కరెంటు పోతున్నాయనుకుందాం. కరెంటు సగటు 5 ఆంపియర్లు. దాన్ని వర్గం చేసి ఓమ్‌తో గుణిస్తే 25 వాట్లు వస్తాయి. అసలు జరుగుతున్నది వేరు. కరెంటు ఉన్నంతసేపూ 100 వాట్లు, లేనంతసేపూ సున్నా. వాటి సగటు 50 వాట్లు. ముందు సగటు తీసి తర్వాత వర్గం చేసినవారికి సగం వేడి లెక్కలోంచి జారిపోయింది. క్రమం తిప్పాలి. ముందు ప్రతి క్షణపు కరెంటునూ వర్గం చేయాలి, తర్వాత ఆ వర్గాల సగటు తీయాలి, చివర వర్గమూలం కట్టాలి. ఈ ఉదాహరణలో వర్గాల సగటు 50, దాని వర్గమూలం 7.07. అంటే 7.07 ఆంపియర్ల నిలకడైన డీసీ ఎంత వేడి పుట్టిస్తుందో, ఆగి ఆగి పోయే ఈ కరెంటూ అంతే వేడి పుట్టిస్తుంది. తెలుగు పాఠ్యపుస్తకాలు వర్గ మధ్యమ మూలం అనే ఆర్ఎంఎస్ విలువ ఇదే.

సైన్ తరంగానికి ఈ లెక్క వేస్తే శిఖర విలువలో 0.707 వంతు తేలుతుంది. 325ను దీనితో గుణిస్తే దాదాపు 230. ప్లగ్గు మీద రాసి ఉండే 230 వోల్టులంటే, హీటరును 230 వోల్టుల డీసీకి తగిలిస్తే ఎంత వేడెక్కుతుందో అంతే వేడెక్కించే ఏసీ అని అర్థం. తరంగం ఆకారం మారితే నిష్పత్తీ మారుతుంది. త్రిభుజ తరంగానికి శిఖరంలో 0.577 వంతు. పైకీ కిందికీ సమానంగా దూకే చతురస్ర తరంగానికి శిఖరమే ఆర్ఎంఎస్. కాలంలో కొంత భాగమే ఉండే పల్సుకు, ఉన్న కాలపు భాగానికి వర్గమూలం కట్టి శిఖరంతో గుణించాలి.

హీటరుకు వరసలో ఒక డయోడు పెట్టి సగం తరంగాన్ని ఆపేస్తే ఏమవుతుందో చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. సగం కాలం పవర్ మునుపటిలాగే అందుతుంది, సగం కాలం అసలే అందదు. కాబట్టి వాట్లు సరిగ్గా సగమవుతాయి. ఆర్ఎంఎస్ వోల్టేజి మాత్రం సగమై 115కు దిగదు, 162.6 దగ్గర ఆగుతుంది. ఆ సంఖ్యను వర్గం చేసి ఓమ్‌లతో భాగిస్తే సగం పవర్ సరిగ్గా తేలుతుంది.

‘ఆర్ఎంఎస్ పవర్’ అనే మాట సంగతి

యాంప్లిఫయర్ల పెట్టెల మీద, స్పీకర్ల వెనక ‘100 వాట్స్ ఆర్ఎంఎస్’ అని అచ్చువేయడం అలవాటైంది. వాడుకలో ఆ మాటకు అందరూ తీసుకునే అర్థం సగటు పవరే. కానీ గణితం ప్రకారం పవర్ తరంగానికి ఆర్ఎంఎస్ కడితే వేరే సంఖ్య వస్తుంది, ఆ సంఖ్య ఏ భౌతిక రాశినీ సూచించదు. 8 ఓమ్‌ల స్పీకరుకు 20 వోల్టుల శిఖరమున్న సైన్ తరంగం ఇచ్చినప్పుడు క్షణిక పవర్ సున్నాకూ 50 వాట్లకూ మధ్య ఊగుతుంది. ఆర్ఎంఎస్ వోల్టేజి 14.14. దాని వర్గం 200. 8తో భాగిస్తే 25 వాట్లు. అది సగటు పవర్, స్పీకరులోని తీగ చుట్టను (వాయిస్ కాయిల్‌ను) వేడెక్కించేదీ అదే. ఊగుతున్న ఆ పవర్ తరంగాన్నే వర్గం చేసి, సగటు తీసి, మూలం కడితే 30.6 వస్తుంది. స్పీకరులో గానీ యాంప్లిఫయరులో గానీ 30.6 వాట్లుగా జరిగే పని ఏదీ లేదు. ఆర్ఎంఎస్ అన్న విశేషణం వోల్టేజికీ కరెంటుకీ చెందుతుంది. ఆ రెండింటి సాయంతో రాబట్టిన పవర్‌ను సగటు పవర్ అనాలి.

అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఇళ్లలో వాడే యాంప్లిఫయర్ల ప్రకటనలకు నిబంధన తెచ్చినప్పుడు మాటను జాగ్రత్తగా ఎంచుకుంది: సైన్ తరంగంతో, ఆగకుండా ఇవ్వగలిగే కనీస సగటు పవర్. ఎన్ని ఓమ్‌ల లోడు మీద, ఏ పౌనఃపున్యాల మధ్య, ఎంత వక్రీకరణ లోపల ఆ వాట్లు ఇస్తుందో కూడా చెప్పాలంది. కొలిచే ముందు యాంప్లిఫయరును ప్రకటించిన పవర్‌లో మూడో వంతు మీద గంటసేపు నడపాలని కూడా అప్పటి నిబంధనలో ఉంది. ఈ మూడో వంతుకు బలమైన కారణం ఉంది. క్లాస్ బీ రకం యాంప్లిఫయరులో ట్రాన్సిస్టర్లు అందరూ అనుకున్నట్టు పూర్తి పవర్ దగ్గర కాక, గరిష్ఠ పవర్‌లో 40 శాతం దగ్గర అన్నిటికంటే ఎక్కువ వేడిని మోస్తాయి. ఆ దగ్గర్లో గంటసేపు నిలవడం వాటికి కష్టమైన పరీక్ష. 2000లో చేసిన సవరణలో ఈ మూడో వంతును ఎనిమిదో వంతుకు తగ్గించారు.

పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) అని పెద్ద అంకెలు వేసిన స్పీకర్ పెట్టెలు మన బజార్లలోనూ చాలాకాలం నిండుగా ఉండేవి. ఆ అంకె ఎంతసేపటికి, ఎంత వక్రీకరణతో వర్తిస్తుందో చెప్పే ఒప్పుకున్న ప్రమాణం ఏదీ లేదు. కాబట్టి దాన్ని సగటు వాట్లలోకి మార్చే సూత్రం కూడా లేదు. కొనేవారికి పనికొచ్చే ఆధారం ఒకటుంది. స్పీకర్లలోకి వెళ్లే సగటు పవర్, పెట్టె ప్లగ్గు నుంచి తీసుకునే సగటు పవర్‌ను మించడం అసాధ్యం. వెనక పలక మీద ఇన్‌పుట్ 40 వాట్లని రాసి ఉంటే, ముందు ఎన్ని వేలు రాసినా బయటికి వచ్చేది నిలకడగా 40 లోపే.

ఒకే కరెంటు, మూడు లెక్కలు

ఆర్ఎంఎస్ వోల్టేజిని ఆర్ఎంఎస్ కరెంటుతో గుణిస్తే సగటు పవర్ రావడం రెసిస్టరుకు ఉన్న ప్రత్యేకత. అందులో వోల్టేజి, కరెంటు ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో ఉంటాయి కాబట్టే పవర్‌కు కరెంటు వర్గం ఒక్కటే చాలింది. మిగతా భాగాలకు ఈ వీలు లేదు.

12 వోల్టుల బ్యాటరీ నుంచి మాస్‌ఫెట్ స్విచ్ ద్వారా ఒక లోడుకు సగం కాలం 10 ఆంపియర్లు పంపిస్తున్న సర్క్యూట్‌లో, దారిలో ఒక డయోడు కూడా ఉందనుకుందాం. మూడింటి గుండా పోయేది ఒకే కరెంటు. దాని సగటు 5 ఆంపియర్లు, ఆర్ఎంఎస్ 7.07. బ్యాటరీ ఇస్తున్న పవర్ ఎంత? బ్యాటరీ వోల్టేజి కదలకుండా 12 దగ్గరే ఉంది. క్షణిక పవర్ అంటే కరెంటును 12తో గుణించడమే, కాబట్టి సగటు పవర్ అంటే సగటు కరెంటును 12తో గుణించడమే: 60 వాట్లు. ఇక్కడ ఆర్ఎంఎస్ వాడితే 85 వాట్లు వస్తాయి, అది తప్పు. నిజమైన ఆర్ఎంఎస్ చూపించే ఖరీదైన మీటరు చేతిలో ఉన్నవారే ఈ తప్పు తేలికగా చేస్తారు. మంచి మీటరు చూపించింది కనుక అదే సరైన సంఖ్య అన్న నమ్మకం వారికి ఉంటుంది.

మాస్‌ఫెట్ ఆన్ అయినప్పుడు చిన్న రెసిస్టరులా ఉంటుంది. దాని నిరోధం 10 మిల్లీఓమ్‌లైతే, అందులో వేడి 7.07 వర్గాన్ని 0.01తో గుణిస్తే వచ్చే 0.5 వాట్. ఇక్కడ ఆర్ఎంఎసే సరైనది. సగటు కరెంటుతో లెక్కిస్తే సగం వేడి మాయమవుతుంది. డయోడు మళ్లీ వేరు. కరెంటు ఎంతున్నా దాని మీద వోల్టేజి దాదాపు 0.7 దగ్గరే నిలబడుతుంది కాబట్టి, వేడి 5 ఆంపియర్లను 0.7తో గుణిస్తే వచ్చే 3.5 వాట్లు. ఒకే తీగలో పోతున్న ఒకే కరెంటు ఒకచోట సగటుగా, ఇంకోచోట ఆర్ఎంఎస్‌గా లెక్కకు రావడం మొదట వింతగా అనిపించవచ్చు. మొదటి సూత్రానికి, అంటే క్షణిక వోల్టేజి, క్షణిక కరెంటుల లబ్ధానికి, వెనక్కి వెళితే ప్రతిసారీ దారి దొరుకుతుంది. వోల్టేజి నిలకడగా ఉన్నచోట సగటు కరెంటు, నిరోధం నిలకడగా ఉన్నచోట ఆర్ఎంఎస్ కరెంటు. ఎల్ఈడీ డయోడు దారిలో నడుస్తుంది, తీగలూ ఫ్యూజులూ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలూ మాస్‌ఫెట్ దారిలో.

బ్యాటరీతో నడిచే చిన్న సెన్సర్లకు ఈ తేడా మరీ ముఖ్యం. ఎక్కువసేపు 10 మైక్రోఆంపియర్లతో నిద్రపోతూ, సెకనుకొకసారి 10 మిల్లీసెకన్లు మేల్కొని 100 మిల్లీఆంపియర్లు తాగే పరికరం సగటున తీసుకునేది సుమారు 1.01 మిల్లీఆంపియర్. 2000 మిల్లీఆంపియర్ అవర్ల బ్యాటరీ దానికి లెక్కప్రకారం 82 రోజులు రావాలి. అదే కరెంటుకు ఆర్ఎంఎస్ కడితే 10 మిల్లీఆంపియర్లు, అంటే దాదాపు పదింతలు. ఆ సంఖ్యతో బ్యాటరీ ఆయుష్షు లెక్కిస్తే 8 రోజులే తేలుతుంది.

వాట్లు లేని ఆంపియర్లు

సీలింగ్ ఫ్యానులో ఉండే 2.5 మైక్రోఫారడ్ కెపాసిటరును ఒంటరిగా 230 వోల్టుల ఏసీకి కలిపితే అందులో 0.18 ఆంపియర్ కరెంటు పోతుంది. రెండు మీటర్ల రీడింగులను గుణిస్తే 41.5 వస్తుంది. అయినా కెపాసిటరు వేడెక్కదు, అందులో సగటు పవర్ దాదాపు సున్నా. దానిలో కరెంటు వోల్టేజి కంటే పావు చుట్టు ముందు నడుస్తుంది. ఒక పావు చుట్టులో కెపాసిటరు లైను నుంచి శక్తి తీసుకుంటుంది, తర్వాతి పావులో తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తుంది. క్షణిక పవర్ ప్లస్, మైనస్‌ల మధ్య సమానంగా ఊగుతుంది. అందుకే ఆ 41.5ను వాట్లనరు, వోల్ట్ ఆంపియర్లంటారు. నిజమైన వాట్లను వోల్ట్ ఆంపియర్లతో భాగిస్తే వచ్చేది పవర్ ఫ్యాక్టరు. హీటరుకు అది 1, శుద్ధమైన కెపాసిటరుకు సున్నా, మోటార్లకు ఆ రెండింటి మధ్య.

ఎలక్ట్రానిక్ పరికరాల్లో ఇంకో రకం తేడా కనిపిస్తుంది. చార్జర్లు, టీవీలు, చౌక ఎల్ఈడీ బల్బుల్లోని రెక్టిఫయరు తన కెపాసిటరును వోల్టేజి శిఖరం దగ్గర మాత్రమే నింపుకుంటుంది. మిగతా కాలమంతా కరెంటు ఉండదు, శిఖరం దగ్గర సన్నగా పొడుగ్గా ఒక పల్సు వస్తుంది. వోల్టేజి మంచి సైన్ తరంగమే అయితే, ఆ పల్సులో దాగిన 150, 250 హెర్ట్జ్ వంటి హార్మోనిక్‌లు (లైను 50 హెర్ట్జ్‌కు గుణిజాలు) సగటు పవర్‌కు ఏమీ జోడించవు. ఆర్ఎంఎస్ కరెంటును మాత్రం పెంచుతాయి. పవర్ ఫ్యాక్టరు 0.5 ఉన్న 9 వాట్ల బల్బు లైను నుంచి 78 మిల్లీఆంపియర్లు లాగుతుంది, 9 వాట్ల హీటరైతే 39తో సరిపెట్టుకునేది. ఇంట్లో మీటరు తిరిగేది 9 వాట్లకే. అదనపు ఆంపియర్ల వేడి పడేది సరఫరా తీగల మీద, ట్రాన్స్‌ఫార్మర్ల మీద. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్లున్న పరిశ్రమలకు వాడకాన్ని కేవీఏహెచ్ (కిలోవోల్ట్ ఆంపియర్ అవర్) యూనిట్లలో లెక్కగట్టడం వెనక ఉన్న కారణం ఇదే. ఆ లెక్కలో పవర్ ఫ్యాక్టరు తగ్గితే అదే పనికి యూనిట్లు పెరుగుతాయి.

మీటర్లు చూసేదేమిటి

ఏసీని కొలిచిన తొలి సాధనాల్లో కొన్ని జౌల్ నియమాన్ని నేరుగా వాడుకున్నవే. 1880లలో బ్రిటిష్ సైన్యాధికారి ఫిలిప్ కార్డ్యూ తయారుచేసిన వోల్టుమీటరులో ఒక సన్నని పొడవాటి తీగ ఉంటుంది. కరెంటుకు అది వేడెక్కి సాగితే, ఆ సాగుదల ముల్లును తిప్పుతుంది. తీగకు ఏసీ, డీసీ తేడా తెలియదు, తరంగం ఆకారమూ తెలియదు. వేడి ఒక్కటే తెలుసు. అలా ఆ మీటరు స్వభావరీత్యా ఆర్ఎంఎస్ విలువను చూపించేది. నిదానంగా కదలడం, కాస్త ఎక్కువ కరెంటు పోతే తీగ కాలిపోవడం దాని బలహీనతలు.

తర్వాత వాడుకలోకి వచ్చిన అయస్కాంతపు ముల్లు మీటరు కరెంటు సగటుకు స్పందిస్తుంది. సైన్ తరంగం సగటు సున్నా కాబట్టి ముందు రెక్టిఫయరుతో కింది సగాన్ని పైకి తిప్పాలి. అలా తిప్పిన తరంగం సగటు శిఖరంలో 0.637 వంతు, కావలసినదేమో 0.707 వంతు. రెండింటి నిష్పత్తి 1.11. తయారీదారులు స్కేలు మీద అంకెలను 1.11తో పెంచి అచ్చువేశారు. నేటి చౌక డిజిటల్ మల్టీమీటర్లు కూడా లోపల ఇదే పని చేస్తాయి. తరంగం మంచి సైన్ అయినంతవరకు ఇబ్బంది లేదు. చతురస్ర తరంగానికి ఆ మీటరు 11 శాతం ఎక్కువ చూపిస్తుంది, త్రిభుజ తరంగానికి దాదాపు 4 శాతం తక్కువ.

ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు ముందు ఈ లోపం చాలా పెద్దదవుతుంది. ప్రతి అర్ధ చుట్టులో మొదటి సగాన్ని కత్తిరించి, శిఖరం నుంచి మాత్రమే వోల్టేజిని వదిలే ట్రయాక్ సర్క్యూట్‌కు ఒక హీటరును కలిపితే, పవర్ సరిగ్గా సగమవుతుంది. నిజమైన ఆర్ఎంఎస్ 162.6 వోల్టులు. సగటును 1.11తో పెంచే మీటరు చూపించేది 115. ఆ 115ను నమ్మి వర్గం చేసి లెక్క కట్టినవారికి హీటరులో పావు పవరే పోతున్నట్టు తేలుతుంది, నిజానికి పోతున్నది సగం.

‘ట్రూ ఆర్ఎంఎస్’ అని రాసి ఉన్న మీటర్లలో వర్గం, సగటు, మూలం కట్టే చిప్పు ఉంటుంది, లేదా ప్రాసెసరు వేల నమూనాలు తీసి ఆ పని చేస్తుంది. వీటికీ హద్దులున్నాయి. చాలా మీటర్లు ఏసీ రేంజిలో డీసీ భాగాన్ని కెపాసిటరుతో ఆపేస్తాయి. పైన చెప్పిన డయోడు హీటరు దగ్గర అలాంటి మీటరు ఏసీలో 125 వోల్టులు, డీసీలో 103 వోల్టులు చూపిస్తుంది. హీటరుకు అందుతున్న 162.6 ఆ రెండింటిలోనూ లేదు. రెండు రీడింగులనూ వర్గం చేసి కూడి మూలం కడితేనే అది బయటపడుతుంది. రెండో హద్దు క్రెస్ట్ ఫ్యాక్టరు, అంటే శిఖరానికీ ఆర్ఎంఎస్‌కీ ఉన్న నిష్పత్తి. సన్నని పల్సుల్లో శిఖరం మీటరు రేంజిని దాటిపోతే, అంకె పద్ధతిగానే కనిపిస్తూ తప్పు చూపిస్తుంది. మీటరు పుస్తకంలో క్రెస్ట్ ఫ్యాక్టరు 3 అని ఉంటే అంతకంటే పదునైన తరంగాలకు పై రేంజికి వెళ్లాలి.

ప్రమాణ ప్రయోగశాలలు మాత్రం మళ్లీ వేడి దగ్గరికే వెళ్లాయి. గాలి తీసేసిన గాజు బుడ్డిలో సన్నని హీటరు తీగ, దాని నడిమధ్య అంటించిన థర్మోకపుల్: థర్మల్ కన్వర్టరు అంటే ఇంతే. ముందు ఏసీ ఇచ్చి థర్మోకపుల్ రీడింగు రాసుకుంటారు, తర్వాత అదే రీడింగు వచ్చేదాకా డీసీని సరిదిద్దుతారు. ఆ డీసీయే ఏసీ ఆర్ఎంఎస్ విలువ. అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో ఫ్రాన్సిస్ హెర్మాక్ 1952లో ఈ పద్ధతిని విశ్లేషించి ప్రచురించాక, ఏసీ ప్రమాణాలను డీసీ ప్రమాణాలతో ముడిపెట్టడానికి ఇది ప్రపంచమంతటా స్థిరపడింది.

పవర్‌నే నేరుగా కొలిచే వాట్‌మీటరులో రెండు చుట్టలుంటాయి. కదలనిదాని గుండా లోడు కరెంటు, కదిలేదాని గుండా వోల్టేజికి తగ్గ చిన్న కరెంటు పోతాయి. ముల్లు మీద పడే బలం ఆ రెండింటి లబ్ధం. ముల్లు బరువు ఆ బలాన్ని సగటు చేస్తుంది. ఎలక్ట్రికల్ ల్యాబుల్లో యూపీఎఫ్ (పవర్ ఫ్యాక్టరు 1 ఉన్న లోడ్లకు), ఎల్‌పీఎఫ్ (పవర్ ఫ్యాక్టరు తక్కువున్న లోడ్లకు) అని రెండు రకాల వాట్‌మీటర్లు ఉంచడానికి కారణం ఉంది. పవర్ ఫ్యాక్టరు తక్కువైన లోడు మీద ముల్లు అడుగునే ఉండగా, కరెంటు చుట్ట మాత్రం హద్దు దాటి కాలిపోవచ్చు. అందుకే వాట్‌మీటరు పక్కన ఎప్పుడూ ఒక అమ్మీటరు, ఒక వోల్టుమీటరు ఉండాలి. బుడాపెస్ట్‌లోని గాంజ్ కంపెనీలో ఒట్టో బ్లాతి 1889లో రూపొందించిన మీటరు వంశానికి చెందినదే ఇళ్లలో దశాబ్దాలపాటు తిరిగిన అల్యూమినియం చక్రం. దాని వేగం సగటు పవర్‌కు తగ్గట్టు ఉంటుంది, తిరిగిన చుట్లు శక్తిని లెక్కిస్తాయి.

నేటి ఎలక్ట్రానిక్ మీటరు వోల్టేజినీ కరెంటునూ ఒకే క్షణంలో, సెకనుకు వేల సార్లు నమూనాలు తీసి, జంటలు జంటలుగా గుణించి, సగటు కడుతుంది. అధ్యాయం మొదట చెప్పిన సూత్రమే అక్షరాలా అమలవుతుంది. సగటు కట్టే వ్యవధిలో పూర్తి చుట్లు ఉండాలి. 50 హెర్ట్జ్‌కు 10 చుట్లు, అంటే 200 మిల్లీసెకన్లు తీసుకోవడం ప్రమాణం. చుట్టు మధ్యలో ఆపితే రీడింగు అటూ ఇటూ తూగుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం రెండు దారుల మధ్య ఆలస్యంలో తేడా. కరెంటు ట్రాన్స్‌ఫార్మరు ఒక్క డిగ్రీ దశ తేడా తెస్తే, హీటరు మీద అది కనిపించనే కనిపించదు. పవర్ ఫ్యాక్టరు 0.5 దగ్గర 3 శాతం తప్పు వస్తుంది, 0.1 దగ్గర 17 శాతం. ఆసిలోస్కోపులో రెండు చానళ్లను గుణించి పవర్ చూసేవారు ముందుగా ప్రోబుల ఆలస్యాలను సరిచేసుకోవలసింది ఇందుకే. లైను మీద కొలిచేటప్పుడు ఆసిలోస్కోపు ప్రోబు నేల తీగను ఫేజుకు తగిలిస్తే షార్ట్ సర్క్యూట్ అవుతుంది, ప్రాణాపాయం కూడా. అక్కడ డిఫరెన్షియల్ ప్రోబు తప్పనిసరి.

రేడియో తరంగాలు, పల్సులు

మైక్రోవేవ్ పౌనఃపున్యాల దగ్గర వోల్టేజి, కరెంటు కేబుల్ పొడవునా చోటుకో విలువతో ఉంటాయి. అక్కడ నిలకడగా కొలవగలిగేది పవర్ ఒక్కటే, అందుకు ఒక దారి మళ్లీ వేడే. సూర్యకాంతిని కొలవడానికి అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త శామ్యూల్ లాంగ్లీ 1878లో కనిపెట్టిన బోలోమీటరు సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది. వేడికి నిరోధం మారే చిన్న థర్మిస్టరును బ్రిడ్జిలో పెట్టి, డీసీతో ఒక ఉష్ణోగ్రత దగ్గర నిలబెడతారు. రేడియో పవర్ వచ్చి దాన్ని ఇంకా వేడిచేయబోతే, సర్క్యూట్ అంతే డీసీని తగ్గించి ఉష్ణోగ్రతను నిలుపుతుంది. తగ్గిన డీసీ పవరే వచ్చిన రేడియో పవర్. డయోడు సెన్సర్లు చాలా వేగవంతమైనవి, కానీ సుమారు 10 మైక్రోవాట్ల లోపు సంకేతాలకే అవి వర్గ నియమం పాటిస్తాయి. అంతకు మించితే శిఖరం వైపు మొగ్గి, హెచ్చుతగ్గులున్న సంకేతాల సగటును తప్పు చూపిస్తాయి.

జీఎస్ఎం ఫోను 900 మెగాహెర్ట్జ్ బ్యాండులో గరిష్ఠంగా 2 వాట్లతో ప్రసారం చేస్తుంది, అయితే ఎనిమిది కాలఖండాల్లో ఒక్కదానిలోనే, 577 మైక్రోసెకన్లపాటు. సగటు 0.25 వాట్. యాంప్లిఫయరు చిప్పు 2 వాట్లకు తయారుగా ఉండాలి, ఫోను వేడి 0.25ను బట్టి ఉంటుంది. రెండు సంఖ్యలూ నిజమే, రెండూ కావాలి.

ఎంత వ్యవధికి సగటు తీయాలన్నది చివరికి వేడెక్కే వస్తువే నిర్ణయిస్తుంది. ప్రతి మిల్లీసెకనుకు ఒకసారి 10 మైక్రోసెకన్లపాటు 100 వాట్లు మోసే ట్రాన్సిస్టరుకూ, 100 సెకన్లకు ఒకసారి పూర్తి సెకను 100 వాట్లు మోసే ట్రాన్సిస్టరుకూ సగటు పవర్ ఒకటే: 1 వాట్. మొదటిదానిలో సిలికాన్ ముక్క ఒక్కో పల్సుకు కొద్దిగా మాత్రమే వేడెక్కి, తర్వాతి పల్సులోగా చల్లబడుతుంది. 1 వాట్‌కు సరిపోయే హీట్‌సింక్ దానికి చాలు. రెండోదానిలో సెకను గడిచేలోపే సిలికాన్ ఉష్ణోగ్రత హద్దు దాటిపోవచ్చు, మిగిలిన 99 సెకన్ల విశ్రాంతి దానికి ఉపయోగపడదు. ఈ తేడా ఒక్క సగటు అంకెలో ఇమడదు కాబట్టే, పవర్ ట్రాన్సిస్టర్ల డేటాషీట్లలో మైక్రోసెకన్ల నుంచి సెకన్ల దాకా పల్సు వ్యవధిని బట్టి ఎంత పవర్ మోయగలదో చూపే గీతలు వేరువేరుగా గీసి ఉంటాయి.